వెనుక చక్రపు బ్రేకు – కాయక ధర్మము

తన ధనముతో కొన్న వస్తువుపై తనకు సర్వాధికారము కలదని లోకము తలచును. ఇల్లు తనది, దానికి సున్నము వేయించుటయు మానుటయు తన యిష్టము. చొక్కా తనది, చిరిగినదానినే ధరించుటయు తన యిష్టము. ఈ న్యాయము కారు బ్రేకునకు వర్తించునా? కారు తనది గనుక అరిగిన బ్రేకుతో తిరుగుటకు యజమానికి హక్కు కలదా? యజమాని కోరినాడు గనుక దానినే మరల బిగించి యిచ్చుటకు పనివానికి హక్కు కలదా? చూచుటకు ఇది చిన్న ప్రశ్న. కాని కాయకమును గూర్చి మాటలాడు ప్రతివారును ఒకనాడు సమాధానము చెప్పుకొనవలసిన ప్రశ్న.

హైదరాబాదు నగరమున అమీర్‌పేట నుండి పంజాగుట్ట వరకు గల దారిని ఎరిగినవారికి ఈ ప్రశ్నలోని బరువు వెంటనే తెలియును. మైత్రీవనము చుట్టుపట్ల శిక్షణాలయములకు వచ్చు విద్యార్థులు సంచులు తగిలించుకొని గుంపులుగా రోడ్డు దాటుచుందురు. పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి రోగులను తోడ్కొని వచ్చిన బంధువులు, మనసెక్కడనో ఉండగా, వాహనముల నడుమ నడచుచుందురు. 2017 నవంబరులో మెట్రో రైలు అమీర్‌పేటకు వచ్చెను. 2018 సెప్టెంబరులో పంజాగుట్ట మీదుగా ఎల్.బి. నగర్ వరకు సాగెను. పైన రైలు పరుగెత్తుచున్నను క్రింద రద్దీ తీరలేదు. అచ్చట కారు నడపువాడు పది గజములు కదలునో లేదో మరల బ్రేకు త్రొక్కవలసి వచ్చును.

ఆ ప్రాంతపు సందులలో ఒక మెకానిక్ షెడ్డును ఊహింతము. పదునాలుగేండ్ల నాటి కారు ఒకటి అచ్చటికి వచ్చినది. వేగము పెరిగినకొలది వెనుక నుండి మూలుగు వినబడుచున్నదని యజమాని చెప్పెను. మేస్త్రీ జాకీతో కారును ఎత్తి, స్టాండు మీద నిలిపి, చక్రమును పైనను క్రిందను పట్టి కదిపి చూచెను. వదులు తెలిసెను. చేతితో త్రిప్పగా గరగరమని చప్పుడయ్యెను. బేరింగు పోయినది. చక్రము విప్పగా బ్రేకు డిస్కు కూడ లోతుగా అరిగి, అంచున గట్టు కట్టి యుండెను. రెండవ వైపు చూడగా అదియు అంతియే. డిస్కులు రెండును, బేరింగులును మార్చవలెనని మేస్త్రీ చెప్పెను.

యజమాని ఖర్చు విని, “బేరింగులు వెయ్యండి మేస్త్రీగారూ, డిస్కుల జోలికి పోకండి. కొత్త ప్యాడ్లు వేస్తే చాలు. నేనేమైనా నూరు మైళ్ళ వేగంతో పోతానా? అమీర్‌పేట దాటను. ముందు బ్రేకులు బాగానే ఉన్నాయి. వచ్చే ఏడు ఎలాగూ అమ్మేస్తాను” అనెను.

ఈ మాటలలో మూడు వాదములు కలవు: వేగము తక్కువ, ముందు బ్రేకులు చాలును, త్వరలో అమ్మివేయుదును. మూడింటిని న్యాయముగా విచారింపవలెను.

అంతకు పూర్వము డిస్కు చేయు పని యేమో తెలిసికొనవలెను. మన దేశమున చిరకాలము తిరిగిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతి 800 కార్లకు వెనుక చక్రములలో డ్రమ్ము బ్రేకులే యుండెడివి. డిస్కు బ్రేకు మాత్రము క్రొత్తది కాదు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దానికి పేటెంటు పొందెను. 1953లో ఫ్రాన్సునందలి ల మాన్ పందెమున జాగ్వార్ కారు డిస్కు బ్రేకులతో గెలుపొందిన పిదప దాని విలువ లోకమునకు తెలిసెను. నేడు అనేకమైన కార్లకు వెనుక చక్రములకు కూడ డిస్కులు కలవు. చక్రముతో పాటు తిరుగు ఇనుప పళ్ళెమును రెండు ప్యాడ్లు ఇరువైపుల నుండి నొక్కును. కారు వేగమంతయు ఆ రాపిడిలో వేడిగా మారును. ఆ వేడిని భరించి గాలికి విడుచుటయే డిస్కు పని.

ఆ వేడి యెంత? జనులతో కూడి 1200 కిలోల బరువు గల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచు ఒక్కసారి ఆగినచో, అప్పుడు పుట్టు వేడి అర లీటరు చల్లని నీటిని మరుగు వేడిమికి తేగలదు. వేగము సగమైనచో వేడి నాలుగవ వంతగును. కావున వేగము తక్కువయన్న మొదటి వాదమున కొంత నిజము కలదు. కాని రద్దీ దారిలో ఒక్కసారి కాదు, పదులసార్లు ఆగవలెను. పలుచబడిన డిస్కు త్వరగా కాగును, వంకరపోవును, పగుళ్ళు తీయును. అందుచేతనే దాని కనిష్ఠపు మందము ఇంతయని తయారుచేసినవారే దానిపై అంకెలలో చెక్కుదురు. ఆ అంకె అమీర్‌పేటకు ఒకటి, దూరపు రహదారికి ఒకటి కాదు.

రెండవ వాదము ముందు బ్రేకులను గూర్చినది. ఆపునప్పుడు కారు బరువు ముందుకు వ్రాలును. కావున ఎక్కువ పని ముందు బ్రేకులదే. ఇది సత్యము. అయినను వెనుకవానికి తమ వంతు కలదు. చేతి బ్రేకు సామాన్యముగా వెనుక చక్రములనే పట్టును. ఒకవైపు డిస్కు పట్టి రెండవవైపు పట్టనిచో తడి రోడ్డుపై కారు ప్రక్కకు లాగును. చాళ్ళు పడిన పాత డిస్కుపై క్రొత్త ప్యాడు వేసినచో ఎత్తైన గీతలు మాత్రమే దానిని తాకును. ప్యాడు క్రొత్తదైనను పట్టు చాలదు.

మూడవ వాదము అన్నిటికంటె హానికరమైనది. అమ్మివేయుదునన్నవాడు దోషమును పోగొట్టుట లేదు; ఎరుగనివాని చేతికి అందించుచున్నాడు. తాను తెలిసి మోసిన అపాయమును కొన్నవాడు తెలియక మోయవలసి వచ్చును.

ఇచ్చట ప్రశ్నయొక్క మూలమునకు వచ్చితిమి. కారులోని మెత్తని ఆసనము యజమాని సుఖము కొరకు. చల్లని గాలి వేయు యంత్రము ఆయన హాయి కొరకు. ఇంజను ఆయన ప్రయాణము కొరకు. వానిలో ఏది చెడినను కష్టము ప్రధానముగా ఆయనదే. బ్రేకు మాత్రము ఆయనతో పాటు ఎదుట నడచువానికి కూడ చెందినది. దాని లోపమునకు మూల్యము చెల్లించువాడు బేరమాడినవాడు కాకపోవచ్చును. కావున బ్రేకు విషయమున యజమాని ధనము తన ధనమేగాని నిర్ణయము పూర్తిగా తన సొత్తు కాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 190వ సెక్షను అపాయకరమైన స్థితిలో నున్న వాహనమును నడుపుటను నేరమనుచున్నది. కాని చట్టము షెడ్డులోనికి వచ్చి డిస్కును కొలువదు. అచ్చట కొలువవలసినవాడు మేస్త్రీయే.

ఇక మేస్త్రీ ధర్మమును విచారింతము. ఈ పనిలో కంటికి కనబడని ఘట్టములు పెక్కు కలవు. బేరింగును హబ్బులోనికి నొక్కునప్పుడు, ఏ కట్టు బిగువుగా కూర్చుండవలెనో దానిమీదనే బలము పడవలెను. హబ్బులో బిగియు వెలుపలి కట్టును వదలి లోపలి కట్టుపై మోదినచో ఆ దెబ్బ గుండ్ల ద్వారా పోయి వాని దారిలో సన్నని గుంటలు చేయును. ఆనాడు చక్రము చక్కగానే తిరుగును; కొన్ని నెలలకు మరల మూలుగు పుట్టును. కొన్ని బేరింగులకు ఒక ప్రక్కన అయస్కాంతపు పట్టీ యుండును. బేరింగును తలక్రిందుగా పెట్టినచో చక్రవేగము ఏ.బి.ఎస్. యంత్రమునకు తెలియదు. హబ్బు ముఖమున త్రుప్పును తీగె బ్రష్షుతో తోమక క్రొత్త డిస్కును తగిలించినచో అది వెంట్రుకవాసి వంకరగా తిరిగి, కొన్నాళ్ళకు బ్రేకు త్రొక్కినప్పుడెల్ల అదురు పుట్టించును. ఒకసారికే పనికివచ్చు నట్టును మార్చక పాతదానినే, టార్క్ రెంచి లేక చేతి అంచనాతో బిగించువారును కలరు. వెనుక క్యాలిపర్లు కొన్నిటిలో చేతి బ్రేకు మర కూడ నుండును. అట్టి పిస్టనును త్రిప్పుచు లోనికి పంపవలెను. తొందరపడి బలముగా నొక్కినచో లోపలి మర పాడగును.

చక్రము బిగించిన పిదప ఇవి యేవియు కనబడవు. సరిగా చేసినదియు చేయనిదియు ఒకే రీతిగా షెడ్డు దాటి పోవును. చెడినను ఎన్నో దినములకు చెడును. అప్పటికి ఎవరి తప్పో చెప్పగలవారుండరు. పొగడువారును నిందించువారును లేని ఈ చోటనే కాయకమునకు పరీక్ష. నలుగురు చూచుచుండగా శ్రద్ధతో పనిచేయుట లోకమర్యాద. చక్రము వెనుక చీకటిలో శ్రద్ధతో పనిచేయుట కాయకము.

దీనికి మారుదోషము కూడ కలదు. మంచి డిస్కును చూపి “పోయింది సార్, ప్రాణం మీదికి వస్తుంది” అని భయపెట్టి మార్చుటయు వంచనయే. భయమునకును లోభమునకును నడుమ సత్యమును నిలుపునది కొలత. డిస్కును కొలిచి, ఆ అంకెను డిస్కు మీది అంకెతో సరిచూపి, విప్పిన పాత సామానును యజమాని చేతికిచ్చుట మేస్త్రీ ధర్మము. మందము చాలినచో చాలునని చెప్పి ఆ లాభమును వదలుకొనవలెను. ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చువాడు. ఒకనాడు అవసరమునకు మించి తేగా, ఆయన భార్య లక్కమ్మ ఆ అధికమును తిరిగి వేసి రమ్మని పంపెనని శరణుల చరిత్ర చెప్పును. అక్కరలేని డిస్కు వెల కూడ అట్టి అధికమే.

ఇచ్చట ఒక ఆక్షేపణ రాకపోదు. ఆ కారు యజమాని ధనికుడు కాకపోవచ్చును. దానిని అద్దెకు త్రిప్పి సంసారము నీదువాడు కావచ్చును. మేస్త్రీ కాదన్నచో అతడు ప్రక్క సందుకు పోవును. అచ్చట ఎవరో ఒకరు ప్యాడ్లు మాత్రమే వేసి పంపుదురు. పుణ్యము పేర మేస్త్రీ పొట్ట కొట్టుకొనవలెనా? ఈ ఆక్షేపణ తోసివేయదగినది కాదు. నష్టము నిజమైన నష్టమే. కాని తగ్గించుటకు వేరు చోట్లు కలవు. సొట్టలు తీయుట, రంగు, సీటు కవర్లు, పాటల పెట్టె మరుసటి ఏటికి వాయిదా వేయవచ్చును. మేస్త్రీ తన కూలిని వాయిదాలలో పుచ్చుకొనవచ్చును. శక్తి కలిగినచో కొంత తగ్గించుకొనవచ్చును. ఆ తగ్గించుకొన్న కూలియే దాసోహము. అతడు తనది ఇయ్యగలడు. దారిన పోవువాని ప్రాణమును ఇయ్యజాలడు. అది అతనిది కాదు. అప్పటికిని యజమాని ఒప్పుకొననిచో ఆ పని తనవలన కాదని చేతులు కడుగుకొనుట తప్ప వేరు మార్గము లేదు. ప్రక్కవాడు చేయునన్న తలంపు చేసినవాని పాపమును తగ్గింపదు.

పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమున బసవేశ్వరుని చుట్టు చేరిన శరణులలో పడవ నడపిన అంబిగర చౌడయ్య కలడు. త్రాళ్ళు పేనిన నులియ చందయ్య కలడు. పడవ యెక్కువాడు దాని పలకలను విప్పి చూడజాలడు. త్రాడు పట్టి బావిలోనికి దిగువాడు దాని పోగులను లెక్కింపజాలడు. వారు పనివానిని నమ్మి అడుగు వేయుదురు. అమీర్‌పేటలో రోడ్డు దాటు విద్యార్థియు అట్లే అడుగు వేయుచున్నాడు. వచ్చుచున్న కారును ఏ షెడ్డులో ఎవరు బాగుచేసిరో అతడెరుగడు. కారు ఆగును, అతడు దాటిపోవును, ఆ మేస్త్రీకి కృతజ్ఞత తెలుపవలెనని అతనికి తోచదు. తెలుపుటకు ఏమియు జరుగకపోవుటయే ఆ పనికి ఫలము. ఎరుగనివాని కొరకు, ఎవరును ఎరుగకుండ, కొలత తప్పక పనిచేయుట కంటె గొప్ప పూజ వేరొకటి కలదేమో విజ్ఞులు ఆలోచింతురు గాక.