వేఱింట నున్న తల్లిదండ్రులు, బిడ్డల ధర్మము

తల్లిదండ్రులను పోషింపవలెనా యని యడిగినచో వలదని చెప్పువాడు మన దేశమున నొక్కడును గానరాడు. నేను పాఠము చెప్పు పిల్లలు సైతము ఈ ప్రశ్నకు ఏకకంఠముగ సమాధానము చెప్పుదురు. ఎల్లరు నొప్పుకొను ధర్మమును గూర్చి వ్యాసము వ్రాయనేల యని చదువరులు శంకింపవచ్చును. కాని యెల్లరు నొప్పుకొను ధర్మములను గూర్చియే మనము విచారణ మానుచున్నాము. విచారణ మానినచోట ఆచార మొక్కటియే మిగులును. కాలముతో ఆచారము మాఱినప్పుడు ధర్మమేదో తోచక తికమకపడుదుము. అట్టి తికమక నేడు మన యిండ్లలో నున్నది.

మా వర్ధన్నపేట వరంగల్లునుండి ఖమ్మమునకు పోవు రహదారిపై నున్న యూరు. ఆకేరు వాగు పరిసరములందు వరియు, ప్రత్తియు, మిరపయు పండించుకొను పల్లెలు చుట్టును గలవు. 2018లో మా యూరు పురపాలక సంఘ మయ్యెను. ఉదయమున బస్సుకొఱకు నిలిచియుండువారు యువజనులు. సాయంకాలమున అరుగులపై కూర్చుండువారు వృద్ధులు. కొడుకు హైదరాబాదున నుండును, కూతురు బెంగుళూరున నుండును, మనుమరాలు అమెరికాలో చదువుచుండును. ఇంట నిద్దఱు ముసలివారుందురు. కొన్నియిండ్లలో నొక్కరే యుందురు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలనుబట్టి మన దేశమున 60 ఏండ్లు దాటినవారు సుమారు 10 కోట్ల 38 లక్షలు. వీరిలో వేఱుగ నున్నవారందఱును బిడ్డలు విడనాడినవారే యని తలచుట పొరపాటు. బిడ్డలు పిలిచినను రాక, తమ యిల్లు తమకు చాలునని నిలిచినవారు ననేకులు గలరు. విడనాడినవానిని నిందించుట సులభము. పిలిచినను రాని తల్లిదండ్రుల యెడ బిడ్డ యేమి చేయవలెను? ఇదియే నేడు నేను విచారింపదలచిన ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు గ్రంథములనుండి వచ్చినది కాదు. నా తల్లిదండ్రులు వర్ధన్నపేటకు పది కిలోమీటర్ల దూరమున నొక పల్లెలో నుందురు. బాపునకు 78 ఏండ్లు, అవ్వకు 72 ఏండ్లు. నాతో నుండుడని పెక్కుమాఱులు ప్రార్థించితిని. ప్రతిమాఱును బాపు చెప్పు మాట యొక్కటియే: “నీ ఇంట్ల నేను సుట్టపోన్ని బిడ్డా, ఈడ నేను ఇంటోన్ని.” ఈ మాటను నేను ముసలితనపు మొండితనమని యెంచితిని.

గడచిన వర్షాకాలమున నొక రాత్రి అవ్వ పెరటిలో కాలుజాఱి పడెను. మణికట్టు విఱిగెను, నడుము పట్టుకొనెను. బాపునకు వినికిడి తక్కువ. ఆమె పిలుపు లోపలికి వినబడలేదు. తెల్లవాఱి పాలు పోయవచ్చిన యామె చూచి కేకలు వేయువఱకు అవ్వ తడినేలపైననే యుండెను. ప్రతిరాత్రియు ఫోనులో మాటలాడు నేను ఆ రాత్రి పరీక్షపత్రములు దిద్దుచు మఱచితిని. మాటలాడియున్నచో నేమగునో చెప్పజాలను. కాని మఱచితినన్న మాట నన్ను నేటికిని విడువలేదు.

వారమునకు వారి యింటికి తాళమువేసి యిద్దఱిని నా యింటికి తెచ్చితిని. ఈమాఱు ప్రార్థింపలేదు, ఆజ్ఞాపించితిని. మూడు నెలలుంచుకొంటిని. వేళకు భోజనము, వేళకు మందులు, మెత్తని పఱుపు, దేనికిని లోటులేదు. బాపు వాకిటి దగ్గఱ కుర్చీలో కూర్చుండి వీధి చూచుచుండెను. మూడవ నెలలో నా భార్య యొకనాడు మెల్లగ నిట్లనెను: “మామ మనింటికి వచ్చినకాడినుంచి నన్నొక్కసారి గూడ కోపం జెయ్యలేదు. ఊర్లయితె కూరల ఉప్పు తక్కువైందని ఒర్రుతడు.” ఆ మాట వినగనే నాకు బాపు చెప్పినది తెలిసెను. చుట్టము కూరకు వంకపెట్టడు. ఇంటివాడే వంకపెట్టును. నేను తండ్రిని నా యింట భద్రముగ నుంచి, ఆయనను ఇంటివానినుండి చుట్టముగ మార్చితిని.

మహాభారతమున ఆశ్రమవాసపర్వము ఈ ప్రశ్నకు మిక్కిలి చేరువగ వచ్చును. యుద్ధానంతరము ధృతరాష్ట్రుడు పదునైదేండ్లు ధర్మరాజు పోషణలో నుండెను. ధర్మరాజు పెదతండ్రికి అన్నమునందు గాని, గౌరవమునందు గాని లోపము రానీయలేదు. ఐనను, కౌరవులను జంపిన తన బాహుబలమును గూర్చి భీముడు ఆ వృద్ధుని చెవిని బడునట్లు పలికిన పలుకులు ఆయన మనస్సును విఱిచెను. అడవికి పోయెదనని ఆయన యడిగెను. ధర్మరాజు వలదని వేడెను. తుదకు వ్యాసుని మాటపై నంగీకరించెను. కొడుకు లెంత బతిమాలినను వినక కుంతియు వారివెంట వెడలెను. పిదప పాండవులు సపరివారముగ అడవికేగి వారిని జూచి కుశలమడిగి వచ్చిరి. ఈ కథలో మూడు విషయములు గమనింపదగినవి. పోషణలో లోపము లేకున్నను ఒక్క మాటచే వృద్ధులు ఇల్లు వీడవచ్చును. వేఱుగ నుండదలచిన తల్లిని ధర్మరాజు వంటివాడును బలవంతముగ నాపలేదు. పంపిన పిమ్మట, వారు కోరినదే గదా యని యూరకుండలేదు. వెదకికొని పోయి చూచెను.

వానప్రస్థమను నాశ్రమమును మన పెద్దలేర్పఱచియే యున్నారు, వేఱుండుటలో క్రొత్త యేమున్నదని కొంద ఱందురు. తల నెఱసి, మనుమని జూచిన గృహస్థుడు వనమునకు పోవచ్చునని మనుస్మృతి చెప్పినది నిజమే. కాని నేటి వృద్ధుల స్థితి యది కాదు. వారు వనమునకు పోలేదు. బిడ్డలును ఇరుగుపొరుగును పట్టణములకు పోగా వారి చుట్టును ఊరే వనమయ్యెను. తాను విడిచిపోవుట వేఱు, తన్ను విడిచి యెల్లరును పోవుట వేఱు. కావున వానప్రస్థమును జూపి మన బాధ్యతను తప్పించుకొనుట తగదు.

ఈ విషయమున బిడ్డలు చేయు తప్పులు రెండు విధములు. మొదటిది, వారి యిష్టమే వారు చేయుచున్నారని చెప్పి చేతులు దులుపుకొనుట. రెండవది, వారి మేలుకొఱకే యని చెప్పి వారిపై పెత్తనము చేయుట. మొదటివాడు గౌరవమను పేర ఉపేక్షించును. రెండవవాడు ప్రేమయను పేర శాసించును. నేను రెండు తప్పులును చేసితిని గావున రెండింటిని నెఱుగుదును. వీనికి మూల మొక్కటియే. ఇద్దఱును తమ మనశ్శాంతినే చూచుకొనుచున్నారు. అవ్వను నా యింటికి తెచ్చినప్పుడు నాకు రాత్రులు నిద్రపట్టెను. ఆ నిద్ర నాది, ఆమెది కాదు. ఏ నిర్ణయము చేయునపుడైనను, ఇది యెవరి నెమ్మదికొఱకని తన్ను తాను ప్రశ్నించుకొనుట మంచి పరీక్ష.

ఐనచో వృద్ధుల మాటకు హద్దు లేదా? కలదు. మతిమఱుపు ముదిరి, పొయ్యి ఆర్పుట మఱచి, ఇంటిదారి తెలియక తిరుగుచుండు తల్లిని ఆమె యిష్టమునకు విడుచుట గౌరవము కాదు, ద్రోహము. తమ మాటయొక్క ఫలము తా మెఱుగజాలని స్థితి వచ్చినప్పుడు బిడ్డ నిర్ణయింపవలసినదే. కాని యంతవఱకే. నడువలేనివారికి ఆలోచింపను శక్తి లేదనుకొనరాదు. చెవి వినబడనివారికి తెలివి తగ్గినదనుకొనరాదు. ప్రమాద మున్నదని తెలిసియు తన యింట నుండుటకు మనుష్యునకు హక్కు గలదు. నడివయస్సున మనమును అట్లే ప్రతిదినము ప్రమాదముల నడుమ బ్రతుకుచున్నాము గదా!

ఆస్తి విషయమును విడువరాదు. షేక్‌స్పియరు నాటకమున లియరు రాజు బ్రతికియుండగనే రాజ్యమును కూతుండ్రకు పంచియిచ్చి, నూఱుగురు భటుల నుంచుకొనియెదనని నియమము పెట్టుకొనెను. నూఱుగురు ఏబదిమందియై, ఏబది యిరువదియైదై, తుదకు ఒక్కడేల యను వఱకు వచ్చెను. మన పల్లెలలో ఈ కథ పట్టాదారు పాసుపుస్తకములలో జరుగుచున్నది. 2007లో చేయబడిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము ఇట్టివారికొఱకే పుట్టినది. తమ్ము పోషింపవలెనన్న నియమముతో ఆస్తిని దానమిచ్చిన వృద్ధుడు, ఆ నియమము తప్పినచో దానిని రద్దు చేయింపవచ్చును. ఆ నియమము దానపత్రమున స్పష్టముగ వ్రాయించుకొనుట మేలు. మనోవర్తికై రెవెన్యూ డివిజనల్ అధికారి స్థాయికి తగ్గని యధికారి యెదుట అర్జీ పెట్టుకొనవచ్చును, వకీలుతో పనిలేదు, నెలకు 10,000 రూపాయలకు మించకుండ ఇప్పింపవచ్చును. వృద్ధుని విడిచిపెట్టినవానికి మూడు నెలల శిక్షయో, 5,000 రూపాయల జరిమానాయో, రెండునో విధింపవచ్చును. అస్సాము ప్రభుత్వము 2017లో నొక చట్టము చేసి, తల్లిదండ్రులను జూడని ప్రభుత్వోద్యోగి జీతమునుండి పదవ వంతు వారికి చేరునట్లు ఏర్పఱచెను. చైనాలో 2013నుండి అమలైన చట్టము, వేఱుగ నున్న బిడ్డలు తఱచుగ పోయి తల్లిదండ్రులను జూడవలెనని విధించెను. చట్టము అన్నము పెట్టింపగలదు; గడపదాక నడిపింపను గలదు. గడప దాటిన పిమ్మట ఏమి మాటలాడవలెనో నేర్పజాలదు.

ఇక స్త్రీల మాట. “మా తల్లిదండ్రులను నేను చూచుకొనుచున్నాను” అని సభలలో చెప్పుకొను పురుషుడు చూచుకొనుట యనగా నేమో యెఱుగడు. నీళ్లు కాచునది, పక్క దులుపునది, రాత్రి లేచునది భార్య. ఆమె తల్లిదండ్రులును ఎచ్చటనో ఒంటరిగ నుందురు. వారిని జూడవలెనన్న ఆమె అనుమతి యడుగవలసి వచ్చును! ఉమ్మడి యాస్తిలో కూతురికి సమానమగు హక్కు ఆంధ్రప్రదేశమున 1985లోను, దేశమంతట 2005లోను చట్టమయ్యెను. హక్కు సమానమైనచో ధర్మమును సమానమే. భార్య తల్లిదండ్రుల యోగక్షేమములకు మగడు పోనియెడల, తన తల్లిదండ్రులకు భార్య చేయు సేవను కోరుటకు అతనికి మొగము చెల్లదు.

వేఱుగ నున్న పెద్దలకు మనము చేయదగిన పనులు చిన్నవి. పెరటి దారిలో రాత్రి యెల్ల వెలుగు దీప ముండవలెను. స్నానపు గదిలో పట్టుకొనుటకు కమ్మి యుండవలెను. నేల నున్నగ నుండరాదు. కంటి శుక్లమునకు, రక్తపు పోటునకు, మధుమేహమునకు వేళకు చూపింపవలెను. తెలంగాణమున 2014లో నెలకు 1,000 రూపాయలుగ మొదలైన ఆసరా పింఛను 2019లో 2,016 రూపాయలయ్యెను. అర్హులైనవారికి దానిని ఇప్పించుట బిడ్డకు అవమానము కాదు. ఆ సొమ్ము వారి చేతిలోనే యుండనీయవలెను, మనుమనికి మిఠాయి కొనుటకైన మనలను చేయిచాచి యడుగకుండ. 70 ఏండ్లు దాటినవారికి ఆదాయముతో పనిలేకుండ కుటుంబమునకు ఏటేట అయిదు లక్షల రూపాయలవఱకు వైద్యము చేయించు ఆయుష్మాన్ పథకము 2024 అక్టోబరులో వచ్చినది. కష్టములో నున్న వృద్ధులు 14567 అను సంఖ్యకు ఉచితముగ ఫోను చేయవచ్చును. ఈ సంగతులను పెద్దక్షరములతో వ్రాసి గోడకు అంటించుట కొడుకు పని.

వీనికంటె ముఖ్యమైనది ఇరుగుపొరుగు. అవ్వను రక్షించినది నా చదువు గాదు, పాలు పోయు నామె. అంతకుముందు ఆమె పేరైనను నే నెఱుగను. నేడు ఆమె కడ నా ఫోను సంఖ్య యున్నది, నా కడ ఆమె సంఖ్య యున్నది. పండుగకు మా యింటనుండి ఆమె యింటికి పిండివంటలు పోవును. దూరదేశమున నున్న బిడ్డలు కొందఱు తల్లిదండ్రుల యింట కెమెరాలు పెట్టించి యక్కడనుండియే చూచుచున్నారు. వా రొప్పుకొన్నచో తప్పులేదు. అడుగక పెట్టినచో అది కావలి యగును. కారాగృహమునకును కావలి యుండును గదా! కన్ను పెట్టుటకంటె చెవి యిచ్చుట మేలు.

మణికట్టు కుదురుకొన్న పిమ్మట వారిని వారి యింటికి చేర్చితిని. దీపము పెట్టించితిని, కమ్మి వేయించితిని, బాపునకు వినికిడి యంత్రము కొనిపెట్టితిని. మంగళ, శుక్రవారములందు సాయంకాలము నేను, ఆదివారము ఎల్లరమును పోవుచున్నాము. నేను చేసినది సరియేనా? మఱల నొక రాత్రి యేదైన జరిగినచో నేమందును? ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి తుదకు అడవిలో కార్చిచ్చున బడి మరణించిరని నారదుడు చెప్పగా ధర్మరాజు కుమిలి యేడ్చెను. ధర్మము తెలిసినవానికిని ఆ దుఃఖము తప్పలేదు. కీడు రాకుండ జేయుట మన చేతిలో లేదు. వారి బ్రతుకు వారి చేతిలో నుండనిచ్చి, మనము చేరువగ నుండుట మాత్రమే మన చేతిలో నున్నది. చదువరులారా, మీ తల్లిదండ్రు లేమి కోరుచున్నారో మీరు నిశ్చయించుటకు ముందు వారిని కూర్చుండబెట్టి యడుగుడు. అడిగి, వారు చెప్పునది తుదివఱకు వినుడు.

మొన్నటి ఆదివారము పప్పులో ఉప్పు తక్కువైనదని బాపు నా భార్యపై గట్టిగ కోపపడెను. ఆమె నావైపు చూచి నవ్వి, ఉప్పు తెచ్చుటకు లోపలికి పోయెను.