వార్ధక్యమున రసాస్వాదము

నాట్యశాస్త్రమున సిద్ధ్యధ్యాయములో భరతముని ప్రేక్షకులను వర్గములుగా విభజించి, ఎవరి మనస్సు దేనియందు రమించునో చెప్పినాడు. తరుణులు శృంగారమునకు సంతసింతురు, శూరులు వీరరౌద్రములకు, విరాగులు మోక్షప్రసంగములకు. ఇక వృద్ధులకు ఆయన కేటాయించినవి ధర్మాఖ్యానములును పురాణములును. లోకస్వభావమును ఆ మహర్షి ఎంత సూక్ష్మముగా పరిశీలించెనో ఎరిగినవాడను గనుక ఆయనతో విభేదించుటకు నాకు సంకోచము కలదు. అయినను డెబ్బది దాటిన వయసున నిలిచి నా మనస్సును, నా యీడువారి మనస్సులను పరికించినపుడు ఈ ఒక్క విభాగము మాత్రము నాకు సమ్మతము కాకున్నది. వృద్ధుని మనస్సు పురాణమునందు రమించుట నిజమే. పురాణమునందు మాత్రమే రమించుననుట నిజము కాదు. ముని ఒక ధోరణిని గమనించి చెప్పిన మాటను, లోకము విధిగా మార్చి మా మీద మోపినది.

మా మల్కాజ్‌గిరిలో ఈ సంగతి తలపోయుటకు సందర్భములు మెండు. 1893లో లాలాగూడలో నిజాము రైల్వే వర్క్‌షాపు వెలసిన తరువాత ఈ చుట్టుపట్ల రైలునే నమ్ముకొని బ్రదికిన కుటుంబము లనేకము స్థిరపడినవి. ఉత్తరమున నేరేడ్‌మెట్ మొదలుకొని బొల్లారము వరకు సైన్యపు కొలువు విస్తరించినది. ఈ రెండు కొలువులనుండియు విశ్రాంతి పొందినవారు ఇక్కడి కాలనీలలో పెన్షనుతో కాలక్షేపము చేయుచున్నారు. సాయంకాలము సఫిల్‌గూడ చెరువు కట్టమీద, కట్ట మైసమ్మ గుడికి మ్రొక్కి వచ్చి, వారు బల్లలమీద కూర్చుందురు. చక్కెర మాటలు, మోకాళ్ల మాటలు, దేశాంతరముననున్న పిల్లల మాటలు ముగిసిన పిదప తప్పక సినిమా ప్రసక్తి వచ్చును. అది వచ్చినంతనే కంఠములు మారును. ఒకనాడు ఒక పెద్దావిడ, కొత్త సినిమాకు పోదమని ఇంట నోరు తెరచినందుకు తోబుట్టువు పలికిన పలుకును మాకు వినిపించినది: "అక్కా, రామా కృష్ణా అనుకుంట ఒక మూలకు కూసోక, గీ వయసుల సినిమాలేందే?" ఆమె నవ్వుచునే చెప్పినది గాని, ఆ సినిమాకు మాత్రము పోలేదు. ఈ మాట పుట్టని ఇల్లు మన దేశమున లేదు. ఆ మాట అన్నవారెవ్వరును క్రూరులు కారు. వృద్ధుల పట్ల గౌరవముతోనే అందురు. ఆ గౌరవమే మా చుట్టు గోడగా లేచినది.

సుమారు వేయి సంవత్సరముల క్రిందట కాశ్మీరమున అభినవగుప్తాచార్యుడు భరతుని గ్రంథమునకు వ్యాఖ్య రచించుచు, రసానుభవమునకు అడ్డుపడు విఘ్నములను ఏడింటిని పేర్కొన్నాడు. వానిలో నా మనస్సున సదా మెదలునది, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖములకు వివశుడై యుండుట. తన ఇంటి దుఃఖమును వెంటబెట్టుకొని వచ్చినవాడు రంగస్థలముమీది దుఃఖమును చూడనేరడు. తన కోరికతో నిండినవాడు నాయకుని కోరికను ఆస్వాదింపనేరడు. అట్లయినచో ఈ విఘ్నము ఎక్కువగా బాధించునది ఎవరిని? యువకులనే యని నా నిశ్చయము. వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వమున 1953లో వెలువడిన 'దేవదాసు'ను నేను ఇరువదేండ్ల వయసున, పాత చిత్రములను ఉదయపు ఆటలుగా వేయుచుండిన రోజులలో, సికింద్రాబాదున చూచితిని. తెరమీద అక్కినేని నాగేశ్వరరావుగారు పడిన వేదన నా సొంత వేదనకు తోడైనది. తక్కిన పాత్రలన్నియు నాకు కనిపించినది ఆ ప్రేమకు అడ్డువచ్చినవారుగా మాత్రమే. ఇప్పుడు అదే చిత్రమును ఇంట చూచుచుండగా, పార్వతిని పెండ్లాడిన ఆ వయసు మళ్లిన జమీందారు నాకు తొలిసారి మనుష్యుడై కనబడినాడు. తన ఇంటికి వచ్చిన పడుచు మనస్సు వేరొకచోట నున్నదని తెలియజాలని, తెలిసినను చేయగలిగినది లేని ఆ మనుష్యునిమీద కూడ కరుణ ప్రసరించినపుడు, ఆ కథలోని శోకము ఒక్కని శోకము కాక అందరి శోకమైనది. శృంగారమునకును, విప్రలంభమునకును తగిన ప్రేక్షకుడు ప్రేమించుచున్న యువకుడు కాడు. ప్రేమించి, పోగొట్టుకొని లేదా నిలుపుకొని, ఆ తాపము చల్లారిన తరువాత దాని రూపమును తేటగా చూడగలవాడు.

ఇందులకు మన తెలుగునాటనే గొప్ప నిదర్శనము కలదు. రాఘవయ్యగారు పుట్టిన కూచిపూడి సంప్రదాయముననే వేదాంతం సత్యనారాయణశర్మగారు భామాకలాపమున సత్యభామగా జగద్విఖ్యాతులైరి. 2012లో గతించిన ఆ మహానటుడు వార్ధక్యమునను జడ వేసి, గజ్జె కట్టి, సత్యభామయై నిలిచినప్పుడు చూచినవారికి ఆ కంటికొసల అలుక, ఆ విరహము, ఆ స్వాధీనపతికా గర్వము పడుచువయసున ఒదిగినట్లే ఒదిగెనని తెలియును. శృంగారమును పుట్టించుటకు వార్ధక్యము అడ్డుకానప్పుడు, దానిని గ్రహించుటకు అడ్డమెట్లగును?

అయినను వృద్ధులకు నిజసుఖదుఃఖ వివశత్వము లేదనుట అతిశయోక్తి. సహచరిని పోగొట్టుకొన్న కొత్తలో ఏ పాటయు చెవికెక్కదు. రాత్రంతయు నొప్పి పెట్టిన దేహము మరునాడు కచేరీలో తాళమును పట్టుకొనలేదు. వీనికంటె సూక్ష్మమైనది మరియొకటి కలదు. దానిని మేము సుగుణమని కూడ భావింతుము. అది గతస్మృతి. 1957 నాటి 'మాయాబజార్' తెరమీదికి రాగానే మేము చూచునది కె.వి.రెడ్డిగారి చిత్రమునా, లేక చేయి పట్టుకొని ఆటకు తీసికొనిపోయిన తండ్రినా, నేల టికెట్టు వరుసలో నిలిచిన బాల్యమునా? రెండవదే యైనచో, ఆ చిత్రము నిమిత్తమాత్రమై, మేము మా సుఖమునకే వశులమై యున్నాము. "మా కాలపు సినిమాలే సినిమాలు" అను మాట నా యీడువారు అనినప్పుడెల్ల నాకు ఈ విఘ్నమే స్ఫురించును. దీనికి నేను చేయు చికిత్స, నాకు ఏ జ్ఞాపకమును లేని కొత్త చిత్రములను, నాకు తెలియని కుర్రవాండ్ర నాటకములను చూచుట. కొన్ని నచ్చును, అనేకము నచ్చవు. కాని నచ్చకపోవుటయు రసజ్ఞుని హక్కే. ఆ హక్కును వదలుకొని అన్నిటికిని తల ఊపువాడును, అన్నిటిని త్రోసిపుచ్చువాడును సమముగా రసమునకు దూరస్థులు.

'మాయాబజార్' విషయమున ఇంకొక మాట. ఎన్నోసారి చూచుచున్నారో లెక్కలేని ఆ చిత్రమును మరల ఏల చూచెదరని పిల్లలు అడుగుదురు. తరువాత ఏమి జరుగునో యను ఆతురత కథకు ప్రాణమని వారి తలంపు. తెలుగు ప్రేక్షకుడు ఏనాడును ఆ ఆతురతమీద ఆధారపడలేదు; తోలుబొమ్మలాట మొదలుకొని సురభివారి నాటకములవరకు కథ అందరికి ముందే తెలిసినదే. కథ తెలిసియుండుటచేతనే, ఎస్.వి.రంగారావుగారి ఘటోత్కచుడు ఏ అక్షరముమీద ఊనిక వేసెనో, సావిత్రిగారు శశిరేఖగా ఉండి శశిరేఖ రూపము దాల్చిన ఘటోత్కచునిగా ఎట్లు మారిరో చూచుటకు మనస్సునకు తీరిక కలుగును. 2010లో దానికి రంగులు వేసి మరల విడుదల చేసినప్పుడు, ఆ రంగులు నాకు అవసరము లేకపోయినను, మనుమలను నా ప్రక్కన కూర్చుండబెట్టినందుకు వానికి నేను ఋణపడియున్నాను.

వార్ధక్యమున మనస్సు ప్రసన్నమగును గాని ఇంద్రియములు మొరాయించును. అరువదేండ్ల కంటిలోపలికి, ఇరువదేండ్ల కంటితో పోల్చిన, సుమారు మూడవ వంతు వెలుతురే చేరునని నేత్రవైద్యులు చెప్పుదురు. ఆట మొదలైన పిమ్మట చీకటిలో మెట్లు వెదకుకొను మాకు ఆ సంగతి శాస్త్రము చెప్పకయే తెలియును. చెవి మరియొక విధముగా తరుగును. ముందుగా పోవునది హెచ్చు శ్రుతి ధ్వనులు; అందుచేత సకార తకారాది హల్లులు జారిపోయి అచ్చులు మాత్రము నిలుచును. కనుకనే పెద్దగా అరచినంత మాత్రమున మాకు మాట స్పష్టము కాదు. ధ్వని పెంచిన సినిమాహాలులో చెవి నొచ్చును, సంభాషణ అందదు. కాని ఇదే లోపమునందు ఒక అనుగ్రహము దాగియున్నదని నేను గ్రహించినది సికింద్రాబాదు కీస్ హైస్కూలు ఆవరణమున కళాసాగరము వారి సంగీతోత్సవమున. సాహిత్యపు మాటలు అక్కడక్కడ తెగిపోయినను, తోడి రాగాలాపన నాకు అఖండముగా అందినది. అచ్చులమీద నడచు ఆలాపనను వయస్సు అంతగా దోచుకొనలేదు. నాటినుండి నేను ఆలాపన విస్తారముగా చేయు గాయకులను వెదకుకొనుచున్నాను. మునుపు సాహిత్యమునకై చెవి కోసికొనువాడను. ఇప్పుడు రాగము తన స్వరూపముతోనే నన్ను చేరుచున్నది.

ఇట్టి అనుగ్రహము సినిమాహాలులో దొరకదు; అక్కడ మనుష్యులే ఏర్పాటు చేయవలెను. నేను యౌవనమున తిరిగిన సికింద్రాబాదు థియేటరులలో సంగీత్ వంటివి నేలమట్టమైనవి. వాని స్థానమున వచ్చిన మల్టీప్లెక్సులు వ్యాపార భవనముల పై అంతస్తులలో నున్నవి. టికెట్టు ఫోనులో కొనవలెను, ఎస్కలేటరు ఎక్కవలెను, రాత్రి ఆట వదలిన తరువాత ఆటో దొరకవలెను. ఒక్కరుగా నున్నవారికి ఇందులో ప్రతి మెట్టును అడ్డంకియే. మెట్ల అంచున వెలుగు గీత, పట్టుకొనుటకు చేతికమ్మి, తెరమీద తెలుగు అక్షరములలో సంభాషణ: ఈ మూడును ఖరీదైన పనులు కావు.

2007లో మన పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము పోషణమనగా తిండి, బట్ట, ఇల్లు, వైద్యము అని నిర్వచించినది. సంక్షేమమను పదము క్రింద మాత్రము వినోదకేంద్రములను కూడ చేర్చినది. శాసనకర్తలకు కలిగిన ఆ రెండవ స్ఫురణను నేను మనసార మెచ్చుకొందును. బిడ్డలు మాత్రము మొదటి నాలుగింటితోనే ఋణము తీరినదని తలంతురు. ఇంగ్లండున ఏబదేండ్లు నిండిన 6,710 మందిని 14 సంవత్సరములపాటు గమనించి 2019లో ప్రకటించిన ఒక అధ్యయనమున, నాటకములకు, కచేరీలకు, ప్రదర్శనశాలలకు కొన్ని నెలలకొకసారియైనను పోవుచుండినవారి మరణాపాయము, ఎన్నడును పోనివారికంటె 31 శాతము తక్కువగా కనబడినదట. ఆరోగ్యవంతులే ఎక్కువగా పోవుదురు గదా యను శంకకు పరిశోధకులు లెక్కలో కొంత సమాధానము చెప్పిరి గాని, కార్యకారణ సంబంధము దానితో సిద్ధించదు. సిద్ధించినను, ఆయువు పెరుగునని చెప్పి నన్ను కచేరీకి పంపువాడు కళను గుళికగా మార్చుచున్నాడు. ఆయువు ఒక్క దినమైనను పెరుగకున్నను నేను పోవుదును.

ఉత్సవముల సంగతి వేరు. నాటకమున మేము ప్రేక్షకులము. పండుగలో మేము ఆ పండుగయొక్క జ్ఞాపకశక్తి. సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి బోనాలు 1813 నాటి కలరా వ్యాధి కాలమున సురిటి అప్పయ్య మ్రొక్కిన మ్రొక్కునుండి పుట్టినవని ఊరంతయు చెప్పుకొనును. రెండు వందల ఏండ్లుగా ఆ కథను ఒకరినుండి మరియొకరికి అందించినది ముసలి నోళ్లే. బతుకమ్మ పాటయు అట్టిదే. తంగేడు, గునుగు పేర్చుట పడుచువాండ్రకు తెలియును. చరణము వెనుక చరణము తడుముకొనకుండ ఎత్తుకొనగలవారు మాత్రము ప్రతి వీధిలోను ఒకరిద్దరు పెద్దలే. ఆ పెద్దలలో అనేకులు భర్తను పోగొట్టుకొన్నవారు. పసుపు కుంకుమల వేళకు వారు తమంతట తామే వెనుకకు జరిగి గుమ్మమువద్ద నిలుచుందురు. ఎవరును పొమ్మనరు, ఎవరును రమ్మని చేయిపట్టి లాగరు. పాట వచ్చినవారు గుమ్మమున, పాట రానివారు వలయమున. నడుమ డీజే పెట్టె హోరు. గుమ్మమున నిలిచిన వారికి జరుగు అన్యాయము ఇతర వృద్ధులకు జరుగుదానికంటె రెట్టింపని నా యభిప్రాయము. శుభకార్యమునకు దూరమగుట దేహదౌర్బల్యము కాదు, మనము పెట్టిన శిక్ష.

ఈ ఏడు ఎంగిలిపూల బతుకమ్మకు మా కాలనీ సంఘము వారిని నేనును, నా యీడువారు కొందరును కలిసికొంటిమి. వలయమునకు లోపల కుర్చీలు వేయవలెనని, మొదటి గంట డీజే లేక మైకు పెద్దావిడల చేతికి ఇయ్యవలెనని, వారిలో భర్త యున్నవారెవరు లేనివారెవరు అను విచారణ ఉండరాదని అడిగితిమి. మొదటి రెండింటికి వారు వెంటనే ఒప్పుకొనిరి. మూడవదానిని ఇంటింట స్త్రీలతో మాటలాడి చెప్పెదమనిరి. మేమును ఊరకుండక, ఇంటింటికి పోయి ఆ పెద్దావిడలనే స్వయముగా పిలుచుటకు మొదలిడినాము.