తాబేలు ఊపిరి

భగవద్గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు స్థితప్రజ్ఞుణ్ని తాబేలుతో పోలుస్తాడు. తాబేలు తలనూ కాళ్లనూ లోపలికి లాక్కున్నట్టు ఇంద్రియాలను విషయాల నుంచి వెనక్కి తీసుకున్నవాడి బుద్ధి నిలకడగా ఉంటుందంటాడు. శ్రీకాకుళం చుట్టుపక్కల నేను విన్న పురాణ కాలక్షేపాల్లో దీనికి దాదాపు ఒకటే అర్థం చెప్పేవారు: మనసు తలుపులు వేసుకో, రాయిలా ఉండు, లోపలిది బయటపడనీకు. ఆ అర్థాన్ని నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పాలంటే మా బండి కప్పుకు బిగించిన ఫ్యాను సంగతి చెప్పాలి.

మా మావయ్యను కాశీ తీసుకెళ్లాలని పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొని ఇల్లులా మారుస్తున్నాం. ఆయనకు ఎనభై దాటాయి, ఆయాసం. రైల్లో అంతసేపు కూర్చోలేరు. వెనక మంచం, పక్కన చిన్న గ్యాస్ పొయ్యి. మన కోస్తా ఉక్కలో ఆ రేకు డబ్బాలో ముగ్గురు పడుకుంటే, ఊపిరి తేమకే అద్దాలు చెమరుస్తాయి. అందుకే కప్పుకు పైకి గాలి తోసే ఫ్యాను.

టింకరింగు చేసే కుర్రాడు నమ్మలేకపోయాడు. "ఏటండి మాస్టారూ, వానొస్తే కారిపోద్ది గదా! కావాలని నెత్తిన కన్నం ఎట్టించుకుంతారేటి?" అన్నాడు. కప్పు లోపల అడ్డంగా ఇనప రిబ్బులుంటాయి. బలమంతా వాటిదే, వాటిని ముట్టుకోకూడదు. రెండు రిబ్బుల మధ్య 14 అంగుళాల చదరం గీసి, మూలల్లో డ్రిల్లు వేసి, జిగ్‌సాతో కోశాడు. కోసిన అంచుకు అప్పటికప్పుడే రెడ్ ఆక్సైడ్ పూయించాను. సముద్రపు గాలికి పచ్చి ఇనుము తుప్పు పట్టడానికి ఎంతో కాలం అక్కర్లేదు. చుట్టూ బ్యూటైల్ టేపు వేసి, దాని మీద ఫ్యాను చట్రం, లోపల చెక్క ఫ్రేము బిగించాం.

వైరింగు నేనే చేశాను, ఫిజిక్స్ చెప్పిన చేతులు ఊరుకోవు. ఇంజను బ్యాటరీ జోలికి పోకుండా వేరే బ్యాటరీ పెట్టాం: 12 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లు. ఫ్యాను పూర్తి వేగంలో 3 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి రాత్రి పది గంటలు తిరిగినా 30 ఆంపియర్ అవర్లే ఖర్చు. 12 వోల్టుల్లో దారిలో కాస్త వోల్టేజి పడిపోయినా మోటారు నీరసిస్తుంది, అందుకని తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లది వేశాను. ఇనుములోంచి తీగ దూరే ప్రతి బెజ్జానికీ రబ్బరు గ్రోమెట్. 5 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే. చాలామంది ఫ్యూజును ఫ్యాను పక్కన పెడతారు. అది కాపాడాల్సింది ముఖ్యంగా తీగను. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య తీగ ఒరుసుకుని బాడీకి తగిలితే ఆపే నాథుడు ఉండడు.

ఇక అసలు పరీక్ష. అద్దాలన్నీ మూసి, తలుపు వేసి, స్విచ్చి నొక్కాం. మోత బాగానే వచ్చింది. అగరొత్తి వెలిగించి బండి మధ్యలో పట్టుకుంటే పొగ నిటారుగా లేచి, తల ఎత్తున సుడులు చుట్టుకుని, అక్కడే తారట్లాడింది. మా ఆవిడ నీడపట్టున మంచం పక్కనున్న అద్దాన్ని నాలుగు వేళ్ల మందం జరిపింది. పొగ ఠక్కున వంగింది. సన్నటి దారంలా సాగి, ఏటవాలుగా పాకి, కప్పులోని చదరంలోంచి బయటికి పోయింది. "రాకపోతే ఎలా పోతుందండీ" అంది తను.

గీతలో తాబేలు శ్లోకం తర్వాతిదే చూడండి. ఆహారం మానేసినవాడి నుంచి విషయాలు తొలగిపోతాయి గానీ వాటి మీది రుచి మిగిలే ఉంటుందని కృష్ణుడే అంటాడు. అద్దాలు మూసిన బండి అదే కదా! బయటి గాలి లోపలికి రాదు, లోపలి ఉక్క పోదు. ఆ రుచి పరతత్త్వాన్ని చూశాకే పోతుందంటాడు గాని, ఇంకా గట్టిగా మూసుకుంటే పోతుందని అనలేదు.

శ్రీకూర్మం గుళ్లో నక్షత్ర తాబేళ్లను పెంచుతారు. కూర్మావతారానికి గుడి ఉన్న ఊరు కాబట్టి వాటికక్కడ మర్యాద. దగ్గరగా వంగితే తాబేలు బెదిరి తల లోపలికి తీసుకుంటుంది, ఆ క్షణంలో చిన్నగా 'బుస్'మంటుంది. అది కోపం కాదు. దాని పక్కటెముకలు డొప్పతో కలిసిపోయి ఉంటాయి కనుక మనలా రొమ్ము పొంగించి ఊపిరి తీయలేదు. పొట్ట కండరాలతోనూ, కాళ్లు కదిలించే చోటి కండరాలతోనూ శ్వాస నడుపుతుంది. తలా కాళ్లూ లోపలికి వస్తే డొప్పలో చోటు తగ్గి, ఊపిరితిత్తుల్లోని గాలి బయటికి తోసుకొస్తుంది. అంటే తాబేలు లోపలికి ముడుచుకోవడమూ ఊపిరి వదలడమూ ఒకే పని. పతంజలి కూడా మనసు నెమ్మదించే ఉపాయాల్లో ఒకటిగా ప్రాణాన్ని వదలడం, నిలపడం చెప్పాడు. వదలడాన్నే ముందు చెప్పాడు.

ఇది నాకు పుస్తకాల చర్చ కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడితోటలు నేలకొరిగాయి. కవిటి వైపు మావయ్య కొబ్బరితోటలో నిలబడ్డ చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కొత్త మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, ఆయన వయసుకు అది చిన్న మాట కాదు. ఆయన కంట తడి పెట్టలేదు. పెదవి విప్పలేదు. తోట వైపు తలుపు మాత్రం మేకులు కొట్టి మూయించేశారు. చూసినవాళ్లు "ఎంత నిబ్బరం, ఎంత స్థితప్రజ్ఞత" అన్నారు. రాత్రిళ్లు ఆయన పక్క మీద కూర్చునే ఉండేవారని మా అత్తయ్యకు తెలుసు.

కొన్ని నెలలకు, తనదీ తోట పోయిన ఇంకో ముసలాయన వచ్చి అరుగు మీద చతికిలబడ్డాడు. "నీయి ఎన్ని పోనాయిరా?" అన్నాడు. మావయ్య చెప్పడం మొదలుపెట్టారు. ఎన్ని అని కాదు, ఏవేవి అని: నూతి గట్టునున్నది అయ్య నాటింది, మూలది పెద్దమ్మాయి పుట్టిన ఏడు నాటింది, దాని నీళ్లు తియ్యన. పొద్దు వాలేదాకా చెప్పారు. ఆ రాత్రి పడుకున్నారు. నిగ్రహం ఆయనకు అప్పుడే వచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను. వచ్చినాయన మందలించలేదు, వేదాంతం చెప్పలేదు. తన నష్టాన్ని పట్టుకుని లోపలికి వచ్చాడంతే.

అలాగని అన్నీ బార్లా తెరవమని నేననను. ఫ్యానుకు మూత ఉంది, దోమలకు జాలీ ఉంది, వానొస్తే మూయాలి. పైగా అన్నీ పైదారినే పోవు. వంటగ్యాసు గాలికన్నా బరువు. లీకైతే నేల మీద పరుచుకుంటుంది, కప్పు ఫ్యానును నమ్ముకుంటే ప్రాణం మీదికొస్తుంది. సిలిండరు పెట్టె అడుగున వేరే బెజ్జాలు వేయించాం. మావయ్య లోపల కూడా మాటలతో పోనిది ఇంకేదో ఉంది. ఆ తలుపు మేకులు ఇంకా తీయించలేదు. మొన్న బండి చూడటానికొచ్చి, కాశీలో పితృదేవతలకు పెట్టేటప్పుడు చెట్లకు కూడా ఒక పిండం పెట్టొచ్చా అని అడిగారు. పురోహితుణ్ని కనుక్కుంటానన్నాను. ఆయన కాదన్నా నేను మావయ్యను పెట్టమనే అంటాను.