చివరగా ముట్టుకున్నవాడు

చిలమకూరులో మా నాన్నకొక పాత బజాజ్ చేతక్ ఉంది. టూ స్ట్రోక్ బండి. పోయిన సంక్రాంతికి నేను ఊరెళ్ళినప్పుడు దానికి కొత్త జబ్బు పట్టుకుంది. ఒక్క కిక్కుకే స్టార్టయ్యేది. రెండు నిమిషాలు ఆడి, ఊపిరందనట్టు కొట్టుకుని ఆగిపోయేది. సీటు లేపి, మూత తీసి చూస్తే పెట్రోలు నిండుగా ఉండేది. మూత పెట్టి కిక్కు కొడితే మళ్ళీ స్టార్టు, మళ్ళీ రెండు నిమిషాలు.

దానికి ముందురోజే ఊళ్ళో మెకానిక్ దగ్గర కార్బొరేటర్ క్లీన్ చేయించాం. ఇరవై ఏళ్ళుంటాయేమో ఆ పిల్లోడికి. ఇక నాకు వేరే ఆలోచనే రాలేదు. నిన్నటిదాకా బాగున్న బండి, వాడు ముట్టుకున్నాక ఆగుతోంది. బండి తీసుకెళ్ళి అడిగితే, వాడు మూత తీసి లోపలికి చూస్తూ ఇంజన్ ఆడించాడు. పది నిమిషాలు నిక్షేపంగా ఆడింది. "బాగానే ఉంది కదన్నా" అన్నాడు. అబద్ధం ఆడుతున్నాడనుకున్నాను. సాయంత్రం టీ అంగడి దగ్గర నలుగురి ముందూ అనేశాను, డబ్బు తీసుకుని బండి చెడగొట్టినాడని. రెండ్రోజుల తర్వాత మా పక్కింటాయన తన బండిని ఎర్రగుంట్లకు తీసుకెళ్ళి చూపించుకున్నాడు.

అసలు కారణం మూడోరోజు తెలిసింది, అదీ అనుకోకుండా. ఆగిపోయిన బండికి మూత తీసి చూస్తుండగా ఫోనొచ్చింది. మూత అలాగే వదిలేసి, ఫోన్లో మాట్లాడుతూనే కిక్కు కొట్టాను. పావుగంటైనా ఆగలేదు. మూత పెట్టాను, రెండు నిమిషాల్లో ఆగింది. తీశాను, ఆడింది. మూడుసార్లు చేసి చూశాను, మూడుసార్లూ అంతే.

చేతక్‌లో పెట్రోలుకు పంపు లేదు. ట్యాంకులోంచి తన బరువుతోనే కిందికి దిగి కార్బొరేటర్ గిన్నెలో నిండుతుంది. దిగిన పెట్రోలు చోటులోకి గాలి రావాలి కాబట్టి మూతకు చిన్న రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే ట్యాంకులో ఒత్తిడి తగ్గి పెట్రోలు దిగడం ఆగిపోతుంది. గిన్నెలో ఉన్నది అయిపోయేదాకా ఇంజన్ ఆడుతుంది, అంతే. ట్యాంకు నిండుగా ఉంటే పైన గాలికి చోటు తక్కువ, అప్పుడు ఇంకా త్వరగా ఆగుతుంది. మేం పెట్రోలు ఉందో లేదోనని మూత తీసిన ప్రతిసారీ గాలి లోపలికి పోయి జబ్బు కాసేపు నయమయ్యేది. వెతకబోతే మాయమయ్యే తప్పును మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు హైజెన్‌బగ్ అంటారు.

మరి ఆ రంధ్రాన్ని మూసింది ఎవరు? నేనే. మూత లోపలి వాచరు ఎండిపోయి పెట్రోలు చిమ్ముతోందని సైకిల్ ట్యూబు ముక్క గుండ్రంగా కత్తిరించి వేశాను. మధ్యలో రంధ్రం పెట్టాలని తెలీదు. అదీ కార్బొరేటర్ క్లీన్ చేయించిన రోజే. ఒకేరోజు రెండు మార్పులు జరిగితే నేను ఒక్కదాన్నే లెక్కపెట్టాను, నాది కానిదాన్ని.

గిట్‌లో 'బ్లేమ్' అని ఒక కమాండ్ ఉంది. కోడ్‌లో ఒక లైనును చివరగా మార్చింది ఎవరో చూపిస్తుంది. తప్పు ఎవరిదో అది చెప్పదు. ఆ సంగతి నేను ఆఫీసులో జూనియర్లకు చెబుతుంటాను కూడా. ఈ తేడా మన న్యాయశాస్త్రం వాళ్ళకు ఎప్పుడో తెలుసు. కుండకు ముందు మట్టి ఉంది, కుమ్మరి ఉన్నాడు, మట్టి మోసుకొచ్చిన గాడిద కూడా ఉంది. ముందున్నంత మాత్రాన గాడిద కుండకు కారణం కాదన్నారు. కాకి వాలగానే తాటిపండు రాలితే కాకతాళీయం అన్నారు. ఒకటి ఉంటే రెండోది ఉండాలి, లేకపోతే ఉండకూడదు, అలా పరీక్షించాకే కారణం అనాలి. మూత పెట్టీ తీసీ నేను చేసింది ఆ పరీక్షే. బండికి మూడుసార్లు చేసిన పరీక్షను ఒక మనిషి విషయంలో ఒక్కసారి కూడా చేయలేదు.

దీనికి మా ఆఫీసుల్లో ఒక జవాబుంది. సర్వర్ పడిపోతే 'బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్' చేస్తారు. ఎవర్నీ నిందించకుండా ఎక్కడ తెగిందో రాసుకుంటారు. మంచి పద్ధతే, భయం లేకపోతేనే మనుషులు నిజం చెబుతారు. కానీ ఇక్కడ అది నాకు మరీ అనుకూలంగా ఉంది. "సమాచారం సరిపోలేదు, ఎవరి తప్పూ లేదు" అని రాసేసుకుని హాయిగా బెంగళూరు బస్సెక్కేయొచ్చు. వాచరు విషయంలో అది నిజమే, తెలియక చేసిన పని. టీ అంగడి దగ్గర అన్న మాట అలాంటిది కాదు. నాకు తెలీదన్న సంగతి నాకు తెలుసు. వాచరు మార్చాక బండి బాగైంది. మాటకు అలా మార్చుకునే వీలు లేదు, అది అప్పటికే నలుగురి నోళ్ళలో పడింది.

ప్రయాణం రోజు పొద్దున వాడి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. స్పానర్ కింద పెట్టకుండానే విన్నాడు.

"నాకెందుకన్నా చెప్తావు? నేనేం చేసినానో నాకు తెలుసు కదా. ఆ టీ అంగడికాడ చెప్పినావా?"

చెప్పలేదు. అప్పుడు వెళ్ళాను. ఆరోజు నా మాట విన్న నలుగురిలో ఇద్దరే ఉన్నారు. వాళ్ళకు చెప్పాను. మిగతా ఇద్దరి కోసం మధ్యాహ్నం దాకా కూర్చున్నాను, రాలేదు. ఉగాదికి మళ్ళీ వెళ్తున్నాను.