దోసిటిలోని చేపపిల్ల

శ్రీమద్భాగవతము అష్టమ స్కంధమున మత్స్యావతార కథ కలదు. సత్యవ్రత మహారాజు కృతమాలా నదిలో తర్పణము గావించుచుండగా, దోసిట నొక చేపపిల్ల పడినది. రాజు దానిని నదిలో విడువబోగా, పెద్ద చేపల బారినుండి తనను కాపాడుమని వేడుకొన్నది. రాజు దానిని కమండలువున నుంచి రక్షించెను. శరణు కోరిన ఆ అల్పప్రాణియే శ్రీమన్నారాయణుడు!

అట్టి అల్పప్రాణులను నేడు ప్రయోగశాలలలో పురుగుమందుల పరీక్షకు వినియోగించుచున్నారు. మంచినీటి చెరువులలో డాఫ్నియా యను ప్రాణి కలదు. దేహము ఆవగింజంత. సూక్ష్మదర్శినిలో చూచిన దాని గుండె కొట్టుకొనుట కానవచ్చును. నీటిలోని సన్నని నాచును తిని, తాను చేపపిల్లలకు ఆహారమగును. పుట్టి 24 గంటలు నిండని డాఫ్నియా పిల్లలను, ఒక్కొక్క మోతాదునకు కనీసము 20 చొప్పున, మందు కలిపిన నీటిలో 48 గంటలుంచుదురు. పాత్రను మెల్లగా కదల్చిన పిదప 15 సెకనులలో ఈదలేనివానిని లెక్కింతురు. సగము పిల్లలు చలనము కోల్పోవు మోతాదే ఆ మందు తీవ్రతకు కొలత. క్లోరిపైరిఫాస్ వంటి మందులు అత్యల్పముగా కలిసినను ఈ ప్రాణికి ప్రమాదమే. పురుగుల నాడులను చెరచు మందు దీని నాడులను కూడ విడువదు.

ఇది హింస కాదా? నిస్సందేహముగా హింసయే. కాని పరీక్షింపకయే మందును పొలమున చల్లినచో, చెరువంతయు పరీక్షాపాత్ర యగును.

పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ — గృహస్థునకు ఈ ఐదును హింసాస్థానములని మనువు చెప్పెను. పరిహారముగా పంచమహాయజ్ఞములను విధించెను. తప్పనిసరియైన హింసను ఒప్పుకొనుము, తగ్గించుము, ఋణము తీర్చుము — ఇదియే ఇందలి ధర్మము. జంతువులకు బదులు వేరు మార్గము వెదకవలెననియు, వాని సంఖ్యను, బాధను తగ్గింపవలెననియు 1959లో రస్సెల్, బర్చ్ అను శాస్త్రజ్ఞులు బోధించిరి. ఇదియు ఆ ధర్మమునకు చేరువైన మాటయే.

ఇక ఋణము తీర్చువారెవరు? ఆ భారము శాస్త్రజ్ఞునిది మాత్రమే కాదు. మందుడబ్బాపై నున్న హెచ్చరికల వెనుక ఇట్టి మూగప్రాణుల మరణము కలదు. వానిని చదివియు స్ప్రేయరును కాలువలో కడిగినచో, ఆ ప్రాణులు వృథాగా చచ్చినట్లే. మచ్చలేని కాయనే కోరి, రైతుచే అవసరమునకు మించి మందు కొట్టించు మనకును ఇందు పాలు కలదు.

పుష్కరిణిలో మునిగి దోసిట నీరెత్తునపుడు సత్యవ్రతుని స్మరింతము. ఆ నీటిలో మన కంటికానని ప్రాణి యెన్ని యున్నవో! వానిని కాపాడు బుద్ధిని శ్రీహరి మనకు ప్రసాదించుగాక!