మంచి పేట – ఎవరికి మంచిది?

అమెరికా చేరిన మన మధ్యతరగతి కుటుంబం ఇంటికోసం వెదుకుతూ మొదట అడిగేది: ఏ శివారులో బడులు మంచివి? బిడ్డల చదువు కోరటం నేరం కాదు. కాని అక్కడి ప్రభుత్వ పాఠశాలల నిధుల్లో పెద్ద భాగం స్థానిక ఆస్తిపన్ను నుండే వస్తుంది. ఇళ్ల ధర హెచ్చిన చోట బడి బాగుపడుతుంది. బడి బాగుపడిన కొద్దీ ధర ఇంకా హెచ్చుతుంది. లేనివాడు ఇంకా దూరమవుతాడు.

1957లో పెన్సిల్వేనియాలోని లెవిట్‌టౌన్ శివారులో మైయర్స్ అనే నల్లజాతి దంపతులు ఇల్లు కొంటే గుంపులు రాళ్లు రువ్వాయి. 1968లో చట్టం అటువంటి వివక్షను నిషేధించింది. రంగు పేర తలుపు మూయటం చట్టవిరుద్ధమైంది. ధర పేర మూయటం న్యాయంగానే మిగిలింది.

కనుక ఇల్లు కొనటంతో నైతిక ప్రశ్న తీరదు. పొరుగున చౌక ఇళ్లు కడతామన్న ప్రతిపాదన వచ్చిన నాడు, పురసభలో ఎవరి పక్షాన మాట్లాడతామో, అక్కడ తేలుతుంది మన అభ్యుదయం.