ఎవరి కోసం ఈ శుభ్రత?

శుభ్రత మంచిదని ఒప్పుకోనివారుండరు. అది ఎవరి మేలు కోరి పాటించవలసినదన్న ప్రశ్న మాత్రం అంత తేలికైనది కాదు. కొన్ని తెలుగు కుటుంబాలలో తరతరాలుగా వచ్చిన మడి ఆచారంలో కాపాడుకునేది మడి కట్టుకున్నవారి శుచిని. ఎదుటివారి స్పర్శే అక్కడ మైల. ఆ పేరిట సాటి మనుషులను దూరంగా నిలిపిన చరిత్ర అందరూ ఎరిగినదే. వృద్ధుల సంరక్షణ గృహాలలో ఈ న్యాయం తలకిందులు కావాలి. అక్కడ శంకించవలసినది పరిచారకుల చేతిని. కాపాడవలసినది మంచాన ఉన్నవారిని.

ఈ మాట వైద్యలోకానికి తొలుత రుచించలేదు. 1847లో వియన్నా సార్వజనిక వైద్యశాలలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్, శవపరీక్ష ముగించి ప్రసూతి విభాగానికి వచ్చే వైద్యుల చేతులే బాలింతలకు ప్రాణాంతకమవుతున్నాయని గ్రహించి, క్లోరిన్ ద్రావణంతో చేతులు కడగాలని నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాటిన మరణాలు కొద్ది నెలలలోనే 2 శాతం దరికి దిగాయి. అయినా, స్వస్థపరచే చేయి హాని చేయగలదని అంగీకరించడానికి పలువురు వైద్యులకు మనసొప్పలేదు.

వార్ధక్యంలో రోగనిరోధకశక్తి సన్నగిల్లుతుంది, చర్మం పలుచబడుతుంది. మూత్రమార్గంలో అమర్చిన గొట్టం, పడక పుండు సూక్ష్మజీవులకు దారి ఇస్తాయి. స్నానం, భోజనం, పక్క మార్చడం అన్నీ పరుల చేతి మీదుగా జరిగే చోట ఒక చేయి రోజుకు ఎన్నో దేహాలను తాకుతుంది. చేతులు శుభ్రపరచుకోవలసిన ఐదు సందర్భాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 నాటి మార్గదర్శకాలలో పేర్కొన్నది. రోగిని తాకకముందు, శుద్ధత అవసరమైన ప్రక్రియకు ముందు కడుక్కోవడం రోగి రక్షణకు. దేహద్రవాలు సోకిన తరువాత, రోగిని తాకిన తరువాత, రోగి పరిసరాలను తాకిన తరువాత కడుక్కోవడం ప్రధానంగా పరిచారకుల, పరిసరాల రక్షణకు. తాకిన తరువాత చూపే శ్రద్ధ తాకకముందు చూపరన్నది పరిశీలనలలో తరచు తేలిన విషయం. ఒకే చేతితొడుగుతో మంచం నుంచి మంచానికి సాగడమూ అటువంటిదే: తొడిగినవారికి రక్ష, తక్కినవారికి ముప్పు.

దోషమంతా పరిచారకులదేనని తేల్చడం న్యాయం కాదు. సబ్బునీటితో చేతులు కడగడానికి 40 నుంచి 60 సెకన్లు, ఆల్కహాలు ద్రావణంతో రుద్దుకోవడానికి 20 నుంచి 30 సెకన్లు పడుతుంది. ఇద్దరి పనికి ఒకరిని నియమించి, కుళాయిని నడవా చివర ఉంచిన యాజమాన్యం ఆ సెకన్లను ముందే హరించినట్లే.

2020లో అమెరికాలోని కిర్క్‌లాండ్ పట్టణంలో ఒక సంరక్షణ గృహంతో ముడిపడి 30 మందికి పైగా కోవిడ్‌తో మరణించారు. అనేక దేశాలలో ఇటువంటి గృహాలు బంధువుల రాకను నిలిపివేశాయి. ఆ భయం నిరాధారం కాదు. కాని నెలల తరబడి బిడ్డలను కిటికీ అద్దం వెనుక నుంచే చూసిన వృద్ధులకు ఆ రక్షణ మరో వెలిగా పరిణమించింది. చేతులు కడుక్కోవడం నిర్భయంగా తాకగలగడానికే. కనుక ముప్పు తగ్గిన కొద్దీ తలుపులు తెరవడం కూడా ఆ నియమంలో భాగమే.

‘చేతులు కడుక్కున్నారా?’ అని అడిగే శక్తి మంచాన ఉన్నవారికి ఉండకపోవచ్చు. వారి తరఫున ఆ ప్రశ్న సంస్థ వేయాలి. అవునని నిజాయితీగా చెప్పగలిగేందుకు నీటినీ, వ్యవధినీ కూడా సంస్థే సమకూర్చాలి.